పండుగ కాని మామిడికాయ

ఉగాది వెళ్ళిన వారంలో భద్రమ్మ మా ఇంటికి వచ్చింది. భద్రమ్మ నా చిన్ననాటి నేస్తం. నేను పెరిగిన ఇంటికి వాగవతల ఉండే కోయగూడెం పటేల్‌కు మనవరాలు. ఇప్పుడు కొత్తగూడెం వైపు ఒక సర్కారు దవాఖానాలో పెద్ద నర్సు. ఆమె సిరంజి పట్టుకుని వార్డులోకి అడుగు పెడితే సగం జ్వరాలు తమంతట తామే మంచం దిగి వెళ్ళిపోతాయని అంటారు. అనేది ఎక్కువగా నేనే. ఏదో ట్రైనింగ్ కోసం ఖమ్మం వచ్చి, మధ్యాహ్నం భోజనానికి మా ఫ్లాట్‌కు వస్తానని ఫోన్ చేసింది. నేను మామిడికాయ పప్పు చేశాను. ఆ పోపు ఘుమాయింపుకు కింద లిఫ్ట్ కోసం నిలబడ్డవాళ్ళు తమ ఇల్లు ఏ అంతస్తులో ఉందో మరిచిపోయి మా అంతస్తుకు వచ్చి దిగారు. భద్రమ్మ చెయ్యి కడుక్కుని కూర్చుంది. అన్నం పెట్టించుకుంది. వంకాయ కూర రెండోసారి అడిగి వేయించుకుంది. పప్పు గిన్నె దగ్గరికి వచ్చేసరికి మాత్రం కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"డైటింగా ఆంటీ?" అంది మా కోడలు.

"నన్ను చూస్తె డైటింగ్ లెక్క కనిపిస్తున్ననా బిడ్డా? మాకింక మామిడికాయ పండుగ కాలే."

"ఉగాది అయిపోయింది కదా."

"అది మీ ఉగాది. మా గూడెంల పండుగ వేరే ఉంటది. అది అయిందాక కొత్త కాయ నోట్ల పెట్టం."

మా కోడలు చదువుకున్న పిల్ల. అనుమానం వస్తే దాచుకునే రకం కాదు. "మీరు నర్సు కదా ఆంటీ, ఇవన్నీ నమ్ముతారా?" అని అడిగేసింది. భద్రమ్మ ఏమీ అనుకోలేదు. "నమ్ముడు కాదు బిడ్డా, ఆగుడు. ఊరంత ఆగుతుంటె నేనొక్కదాన్ని ముందుగాల తింటె దానికేం రుచి ఉంటది? పెరుగు ఇటు జరుపు" అంది. అప్పటికే నా నోట్లో పప్పన్నం ముద్ద ఉంది. దాన్ని మింగడానికి నాకు పట్టినంత సేపట్లో మా నాయనమ్మ స్వర్గం నుంచి దిగివచ్చి, నా వీపు మీద ఒకటి వేసి, తిరిగి వెళ్ళి కాళ్ళు కడుక్కుని తన పీట మీద కూర్చోగలదు.

మా తాతయ్య మధిర పక్కన ఒక పల్లె నుంచి నాయనమ్మనీ, ఒక జత ఎడ్లనీ, ఒక రోలునీ బండిలో వేసుకుని, టేకులపల్లి దాటి అడవి అంచుకు సేద్యానికి వచ్చాడు. దారిలో తనకు పులి కనబడిందని తాతయ్య చెప్పేవాడు. కాదు, పులికే తాను కనబడ్డానని నాయనమ్మ చెప్పేది. ఆనాటి నుంచి ఆ పులి దారి మార్చుకుందని చుట్టుపక్కల వాళ్ళు ఒప్పుకునేవారు. నాయనమ్మది అలాంటి గొంతు. పెరట్లో నిలబడి కోడిపెట్టను అదిలిస్తే ఆ కేక వాగు దాటి, గుట్ట దాటి, ఇల్లెందు బొగ్గుబావిలో దిగి, షిఫ్టు ముగించుకుని పైకి వచ్చేది. ఇల్లు పెంకుటిల్లు. ఎండాకాలం పొద్దున్నే తలుపు తీస్తే ఇప్పపూల వాసన ఇంటికి వచ్చిన చుట్టంలా అడక్కుండా లోపలికి వచ్చి కూర్చునేది. ఆ వాసనలో తియ్యదనమూ ఉండేది, పులిసిన బెల్లం మత్తూ ఉండేది. ఆ రోజుల్లో మా గేదెలు పొద్దున పూట కొంచెం తూలుతూ నడిచేవని నా గట్టి నమ్మకం. దాని వెనకే పేడనీళ్ళు చల్లిన వాకిలి వాసన, పొయ్యిలో కాలీకాలని తునికి కట్టె వాసన, నాయనమ్మ తలకు రాసుకునే ఆముదం వాసన. నాలుగూ కలిస్తే తెల్లవారినట్టు.

స్నానం చేసి వచ్చి నాయనమ్మ భద్రాచలం రాముడి పటం ముందు కూర్చునేది. రాముడు ఆమెకు దేవుడు తక్కువ, పుట్టింటి వైపు పెద్దమనిషి ఎక్కువ. మంత్రాలు రావు కాబట్టి ఇంటి సంగతులే చెప్పుకునేది. "రామయ్యా, ఎర్రావు ఈ వారంలో ఈనేట్టుంది, కాస్త చూడు. పెద్దాడికి లెక్కలు రావట్లేదు, నువ్వు చూసినా లాభం లేదనుకో." పటం పక్కనే గూట్లో ఒక పసుపు పూసిన రాయి ఉండేది. అది గూడెం ముత్యాలమ్మ దగ్గరి నుంచి పటేల్ భార్య జోగమ్మ తెచ్చి ఇచ్చింది. రాముడికి ఏం పెడితే దానికీ అదే పెట్టేది నాయనమ్మ. "ఆయన పర్ణశాలలో ఉన్నన్నాళ్ళు ఈ అడవి వాళ్ళు పెట్టిన తిండే గదా తిన్నది. పక్కన చోటివ్వడానికి ఆయనకేం బాధ?" అనేది.

మా పెరటి చేల్లో ఒక మామిడిచెట్టు ఉండేది. దాని నీడలో ఒక పెళ్ళివారూ, ఒక సంతా, ఒక చిన్న సైజు యుద్ధమూ ఒకదానికొకటి అడ్డం రాకుండా జరుపుకోవచ్చు. తాతయ్య కాగితాల ప్రకారం ఆ చెట్టు మాది. చెట్టుకు చదువు రాదు కాబట్టి ఆ సంగతి దానికి తెలియదు. దానికి తెలిసిందల్లా ఒకటే. ప్రతి ఏడూ గూడెం వాళ్ళు డోళ్ళు కొట్టుకుంటూ వచ్చి, పూజారి చేత తన మొదట్లో పూజ చేయించి, కోడిని కోసి, తొలికాయ తెంపి అమ్మవారికి పెడతారు. ఆ పండుగ అయ్యేవరకు గూడెంలో ఎవరూ కొత్త మామిడికాయ ముట్టరు. ముందుగా తింటే తిన్నవాళ్ళకే కాదు, ఊరంతటికీ చెడుపు.

వచ్చిన మొదటి ఏడు నాయనమ్మకు ఈ సంగతి తెలియదు. కాయ కనబడింది, తెంపింది, పప్పు వండింది. వాసనకు గూడెం వాళ్ళు వచ్చి కంచె అవతల నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయలేదు. అప్పటికి పడుచువాడైన ముత్తయ్య పటేల్ ముందుకు వచ్చి సంగతి చెప్పి, "మీకు తెల్వదు గదమ్మా" అని మాత్రం అన్నాడు. వాళ్ళంతా వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే నాయనమ్మ ఎదురు తిట్టేది. ఆ విద్యలో ఆమెను మించినవాళ్ళు మధిర నుంచి భద్రాచలం దాకా లేరు. మీకు తెలియదు కదా అంటే మాత్రం ఏం జవాబు చెప్పాలో ఆమెకు తోచలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఆ పప్పు గిన్నె ఎత్తి గేదెకు పెట్టబోయిందట. పెట్టబోయి, గేదె కూడా ఈ ఊరిదే కదా అని ఆగిపోయిందట. చివరికి ఆ పప్పు ఏమైందో ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆనాటి నుంచి గూడెం కట్టు మా ఇంటి కట్టు అయింది.

దీనితో పెద్ద చిక్కు ఉగాది పచ్చడికి వచ్చేది. మామిడికాయ లేకుండా ఉగాది పచ్చడి ఎలా? గూడెం పండుగ కొన్నేళ్ళు ఉగాదికి ముందే వచ్చేది, కొన్నేళ్ళు ఎంతకీ వచ్చేది కాదు. రానప్పుడు నాయనమ్మ మామిడికాయ బదులు పచ్చి తునికికాయ తరిగి వేసేది. తునికిపండు ముగ్గితే తేనె. కాయగా ఉన్నప్పుడు దాని వగరుకు నాలుక చాపలా చుట్టుకుపోతుంది. పచ్చడి తిన్నాక మా ఇంటిల్లిపాదికీ మధ్యాహ్నం దాకా మాట పెగిలేది కాదు. ఏడాదిలో మా ఇల్లు ప్రశాంతంగా ఉండేది ఆ ఒక్క పూటే అని తాతయ్య ఆ పచ్చడి కోసం ఎదురు చూసేవాడు.

అలాంటి ఒక ఉగాది ముందర మా రాజ్యం అత్త పురిటికి వచ్చింది. రాజ్యం అత్త మా నాన్నకు చెల్లెలు. సత్తుపల్లిలో ఇచ్చారు. మా వంశంలో మెల్లగా మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఎవరి పోలికో తెలియక నాయనమ్మ అప్పుడప్పుడు అనుమానంగా చూసేది. అంతకుముందు ఒకసారి ఆమెకు కడుపు నిలవలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. అనకపోవడమే ఇంటి నిండా వినబడేది. నాయనమ్మ ఆమెను మెట్టు దిగనిచ్చేది కాదు, చేద ముట్టనిచ్చేది కాదు, తుమ్మబోతే ముక్కు పట్టుకునేది. అంతా బాగానే జరుగుతుండగా అత్తకు మామిడికాయ మీద మనసు పోయింది. మనసు పోవడమంటే మామూలుగా కాదు. అన్నం చూస్తే వాంతి, పాలు చూస్తే వాంతి, మామిడికాయ తలుచుకుంటే మాత్రం మొహం వెలిగేది. వారం తిరిగేసరికి ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

సరిగ్గా ఆ ఏడే గూడెం పూజారి పోయాడు. ఆయన ముత్తయ్య పటేల్‌కు సొంత అన్న. దినాలు అయ్యి, కొత్త పూజారి కూర్చునేదాకా పండుగ లేదు. ఇటు చూస్తే సత్తుపల్లి నుంచి అత్తవారు కోడలి కోసమని ఒక బుట్టెడు మామిడికాయలు పంపారు. నాయనమ్మ ఆ బుట్టకు గుడ్డ కట్టి దూలానికి వేలాడదీసింది. అది దేవుడి గంటలా మా అందరి నెత్తి మీద వేలాడుతూ, మోగకుండానే మోగుతూ ఉండేది. నేను దాని కిందే చాప వేసుకుని చదువుకునేదాన్ని. ఆ ఏడు నాకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో అడగొద్దు.

"అమ్మా, ఒక్క ముక్క" అనేది అత్త, మంచం మీద ఒత్తిగిలి బుట్ట వైపు చూస్తూ. "పోనీ, వాసన."

"వాసన చూస్తే కొరుకుతావు. కొరికితే మింగుతావు. నిన్ను కన్నదాన్ని, నాకు తెలియదా?"

"అవి సత్తుపల్లి కాయలమ్మా. వాటికీ గూడెం పండుగకీ ఏం సంబంధం?"

"కాయ సత్తుపల్లిదే. తినే నోరు ఇక్కడుంది."

ఈ మాట అని నాయనమ్మ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చునేది. పొయ్యిలో మంట ఉండేది కాదు. చూలాలు కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవుల్లో చీము కారుతుందని ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. పండుగ కాకముందు తింటే చెడుపు తగులుతుందని జోగమ్మ చెప్పింది. రెండూ ఆమెకు సత్యమే. రెండూ వచ్చి ఒకే పిల్ల నోటి దగ్గర ఢీకొన్నాయి. పెట్టినా బిడ్డకు భయం, పెట్టకపోయినా బిడ్డకు భయం. "నువ్వే చెప్పు రామయ్యా" అని పటం ముందు కూర్చుంటే, ఆయన పెద్దమనిషి తరహాలో చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. "ఆడకూతురి సంగతి వచ్చేసరికి నువ్వెప్పుడూ ఇంతే" అని లేచి, బియ్యమూ నూనే చింతపండూ మూట కట్టి, నా రెక్క పట్టుకుని వాగు దాటింది.

గూడెంలో పందిరి కింద చాప మీద ముత్తయ్య పటేల్ కూర్చుని ఉన్నాడు. మామూలుగా ఆయన పందిరంత మనిషి. ఆ రోజు తువ్వాలంత అయ్యాడు. నాయనమ్మ మూట దించింది. అన్న పోయి కూర్చున్న మనిషిని మామిడికాయ సంగతి ఎలా అడుగుతుంది? ఏడవడం మొదలుపెట్టింది. పులినే దారి మార్పించిన గొంతు గదా, గూడెం కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. కొంతసేపు విని జోగమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అక్కా, మా బావ కోసం ఏడ్సుడు ఇందాకనే అయింది. ఇప్పుడు ఏడుస్తున్నది వేరే ఏడుపు. ఏంది సంగతి?"

"చెప్పగూడని వేళ చెబుతున్నాను జోగమ్మా. రాజ్యం అన్నం ముట్టట్లేదు. పొద్దున లేస్తే మామిడికాయ మాటే. దాని కిందటి కడుపు సంగతి నీకు తెలుసు గదా. మీరు వద్దంటే మానేస్తాను, పెట్టమంటే పెడతాను. నా అంతట నేను ఏదీ తేల్చుకోలేకపోతున్నాను."

మూల కూర్చున్న ఒక ముసలాయన గొంతు సవరించుకుని, "మా నాయన కాలం కెల్లి ఈ ఊళ్ళె పండుగ కాకముందు తిన్నోడు లేడు" అన్నాడు.

"మీ నాయన ఎన్నడన్న కడుపుతోని ఉన్నడా?" అంది ఆ పక్కనున్న ముసలమ్మ.

"ఉంటె మాత్రం కట్టు తప్పుతడా?"

"ఉంటె తెలిసేది."

అటు నలుగురూ ఇటు నలుగురూ మాట్లాడారు. కొంత తెలుగులో, కొంత కోయలో. నేను ఎప్పుడూ విన్నట్టే సగం అర్థమై సగం కాక కూర్చున్నాను. భద్రమ్మ వచ్చి నా పక్కన చేరి, ఎవరు ఎటువైపో చెవిలో చెబుతోంది. తన లెక్కలో మా అత్త ఓడిపోతోంది. ముత్తయ్య పటేల్ అప్పటిదాకా తలెత్తలేదు. చాప అంచు గిల్లుతూ మెల్లగా మాట్లాడాడు.

"ఈ కట్టు ఎవలకు? ఊళ్ళె ఉన్నోళ్ళకు. కడుపుల ఉన్నది ఇంక ఊళ్ళెకు రాలే గద. రానిదానికి మన కట్టు ఎట్ల తాకుతది? కోరిక దానిది. పెట్టుండ్రి."

నాయనమ్మ చేతులు జోడించబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"కని ఒక్క మాటమ్మా. చాటుకు పెట్టొద్దు. తలుపేసుకుని తింటె దొంగతనమైతది. మేమందరం చూస్తుండంగ తినాలె. అందరం చూస్తె అందరం పెట్టినట్టు."

మర్నాడు సాయంత్రం ఎండ చల్లబడ్డాక గూడెం గూడెమంతా మా పెరట్లోకి వచ్చింది. గూడెంలో ఉన్నవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. ఆ రోజు వచ్చినవాళ్ళు మాత్రం జిల్లాలో సగమని ఇప్పటికీ చెబుతాను. చంటిపిల్లలతో వచ్చారు. ముసలివాళ్ళను మంచాల మీద మోసుకొచ్చారు. సత్తుపల్లి బుట్ట వైపు పటేల్ చూడనైనా లేదు. చెట్టు మీది కాయే కావాలన్నాడు. కాయ తెంపించి, కడిగి, తన కత్తితోనే కోసి, ఆకులో పెట్టి అత్త ముందు ఉంచాడు. నాయనమ్మ ఉప్పూ కారం తెచ్చిపెట్టింది. ఆ కాయ పచ్చి వాసన ఎంత ఘాటుగా ఉందంటే, వెనక వరసలో పళ్ళు లేని ముసలాయనకు కూడా పళ్ళు పులిశాయి.

అత్త తల వంచుకుని కూర్చుంది. మామూలుగానే నలుగురిలో మంచినీళ్ళు తాగడానికి సిగ్గుపడే మనిషి. "అందరూ చూస్తుంటే ఎలా తినను?" అంది వినబడీ వినబడనట్టు.

జోగమ్మ ఆమె పక్కన చతికిలబడి వీపు మీద చెయ్యి వేసింది. "నువ్వు ఏడ తింటున్నవ్ బిడ్డా? లోపలున్నది తింటది. నోరు నీది, గంతే. తిను."

అత్త ఒక ముక్క ఉప్పుకారంలో అద్ది కొరికింది. కరుక్కుమంది. ఆ చప్పుడుకు పెరట్లో ఉన్న ప్రతి గొంతూ ఒక్కసారి గుటక వేసింది. అంతమంది ఒక్క గుటక వేస్తే ఎలా ఉంటుందో విననివాళ్ళకు చెప్పలేను. వాగు ఒక అడుగు వెనక్కి తగ్గినట్టు వినబడింది. రెండో ముక్క, మళ్ళీ గుటక. ముందు వరసలో నేనూ భద్రమ్మా కూర్చున్నాం. అత్త దవడ కదిలినప్పుడల్లా భద్రమ్మ దవడ కూడా కదులుతోంది.

"ఏందే, గాలి నములుతున్నవ్?" అంది జోగమ్మ.

"మల్ల పండుగనాడు మర్చిపోతనేమోనని."

అత్త నవ్వింది. నోట్లో ముక్క పెట్టుకుని, కళ్ళలో నీళ్ళతో నవ్వింది. ఆ నీళ్ళు కారానివో మరి దేనివో నాకు తెలియదు. ఆ తర్వాత సిగ్గు పోయి, కాయంతా తిని, టెంక కూడా చప్పరించింది. ఆకలి తీరిన మనిషిని అంతమంది అంత శ్రద్ధగా చూడడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. పండుగ లేక, పూజారి పోయి, తమ నోళ్ళు కట్టేసుకుని కూర్చున్నవాళ్ళు, వేరే ఇంటి ఆడపిల్ల కాయ తింటుంటే తామే తిన్నట్టు తలలు ఊపుతున్నారు.

నాయనమ్మకు మాత్రం కొత్త బెంగ పట్టుకుంది. అన్ని కళ్ళు పడ్డాయి, దిష్టి తీయాలి. వచ్చినవాళ్ళ ఎదురుగా వాళ్ళ దిష్టి తీస్తే వాళ్ళేమనుకుంటారు? చేతిలో ఉప్పు పట్టుకుని వంటింటికీ పెరటికీ తిరుగుతోంది. జోగమ్మ చూసి, "ఆ ఉప్పు ఇటియ్యక్కా. ఇన్ని కండ్లు పడ్డయి, తియ్యకుంటె ఎట్ల? అండ్ల నాదే పెద్ద కన్ను" అని ఆమె చేతిలో ఉప్పు లాక్కుని, మిరపకాయలు కలిపి, తన దిష్టీ ఊరి దిష్టీ కలిపి తానే తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఊరంతా దగ్గింది. ఆ రాత్రి అత్త అన్నం తిన్నది. గిన్నె గోకింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌కు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మొన్న ఎవరింట్లోనో ఎండుచేపలు వేయిస్తే అందులో మహాభారతం జరిగింది. ఎవరి మనోభావాలూ దెబ్బతినకూడదని ఒకాయన పేజీలకు పేజీలు రాసి, చేపలు వేయించినవారి మనోభావాలను మాత్రం ఆ జాబితాలోంచి తీసేశాడు. సహనం ఉండాలని ఇంకొకరు రాశారు. ఆ మాట చూస్తే నాకు నాయనమ్మ గుర్తుకు వచ్చి నవ్వు వచ్చింది. ఆమెలో సహనం అనేది మచ్చుకైనా ఉండేది కాదు. గేదె తోక తగిలితే ఊరుకునేది కాదు, తాతయ్య పెద్దగా తుమ్మితే ఊరుకునేది కాదు. ఆమె చేసింది ఓర్చుకోవడం కాదు. తెలియకపోతే వాగు దాటి వెళ్ళి అడిగింది. అంతే. మేమెవరమూ ఇప్పుడు అడగం. అపార్ట్‌మెంట్‌లో ఎదురింటి వాళ్ళు ఏ దేవుడికి మొక్కుతారో, ఏ నెలలో ఏం తినరో నాకు తెలియదు. తెలిసిందల్లా వాళ్ళ కారు నంబరు, నా జాగాలో పెడతారు కాబట్టి. పెద్దయ్యాక ఇంకొకటి కూడా తెలిసింది. మేం గూడెం కోసం ఆగింది మామిడికాయ దగ్గర. వాళ్ళు ఓర్చుకున్నది ఏకంగా మమ్మల్ని. కాగితాలు పట్టుకుని వచ్చి వాళ్ళ చెట్టు చుట్టూ కంచె వేసినవాళ్ళను. ఎవరిది పెద్ద మనసో ఆ చెట్టును అడిగితే చెప్పేది. అది ఇప్పుడు లేదు. ఆ చేలో ఇప్పుడు పామాయిల్ తోట ఉంది. పామాయిల్ గెలకు పండుగ చేయడం ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు.

రాజ్యం అత్తకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే అది వేసిన కేకకు నాయనమ్మ పొంగిపోయి, "నా గొంతే, నా గొంతే" అని ఇల్లంతా తిరిగింది. చెవులు రెండూ దీపం పెట్టి మరీ చూసింది. శుభ్రంగా ఉన్నాయి. ఇంకా పురిటి రోజులు పూర్తి కాకముందే గూడెంలో దినాలు అయ్యి, కొత్త పూజారి కూర్చుని, పండుగ పెట్టుకున్నారు. కబురు చెప్పడానికి పటేల్ వచ్చాడు. నాయనమ్మ తడబడింది.

"ఇంట్లో పురుడు పటేలూ. చెట్టు చూస్తే మా దొడ్లోనే ఉంది. మీ పండుగకు మైల తగులుతుందేమో. పోనీ ఇంకో వారం ఆగుతారా?"

"చచ్చినందుకు ఆగినం. పుట్టినందుకు గూడ ఆగమంటవా అమ్మా?" అన్నాడు ఆయన. "చెట్టుకు మైలేంది. మేం వస్తున్నం."

వచ్చారు. డోళ్ళు మోగాయి. మగవాళ్ళూ ఆడవాళ్ళూ చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ ఆడారు. కొత్త పూజారి తొలికాయ తెంపి అమ్మవారి పేరు చెప్పి పెట్టాడు. ఆ తర్వాత అందరికీ ముక్కలు పంచారు. భద్రమ్మ తన ముక్క నమలడం మరిచిపోయి ఏకంగా మింగేసి, గొంతుకు అడ్డం పడి, వాళ్ళమ్మ చేత వీపు మీద గుద్దులు తిన్నది. ముత్తయ్య పటేల్ ఆకులో కొన్ని ముక్కలు పెట్టుకుని మా వసారా మెట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అత్త పిల్లను ఎత్తుకుని గడప లోపల కూర్చుని ఉంది. చెయ్యి చాపింది.

"నీకు కాదు" అన్నాడు పటేల్. "నీ నోట్లెకెల్లి తిన్నది ఇది. ముందుగాల దీనికి."

నాయనమ్మ వైపు చూశాడు. పురిటి బిడ్డకు ఆముదం చుక్క నాకించడానికే వారం చూసి వర్జ్యం చూసే మనిషి మా నాయనమ్మ. అయినా సరేనని తల ఊపింది. పటేల్ ముక్కను పిండి, చిటికెన వేలు కొస తడి చేసుకుని, పిల్ల పెదవికి తాకించాడు. ముందు ఏమీ కాలేదు. ఆ తర్వాత పిల్ల మొహం మెల్లగా ముడుచుకుంది. కళ్ళు ముడుచుకున్నాయి, ముక్కు ముడుచుకుంది, పిడికిళ్ళు బిగుసుకున్నాయి. దాని నెత్తి మీద ఉన్న కాస్త వెంట్రుకలూ నిక్కబొడుచుకున్నాయని నేను ప్రమాణం చేస్తాను. చివరికి చప్పరించింది. ఇంకొకసారి చప్పరించింది.

అన్న పోయిన నాటి నుంచి నవ్వని మనిషి ముత్తయ్య పటేల్. మెట్టు మీద కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరేట్టు నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, మిగతా ముక్కలు అత్త చేతిలోనూ నాయనమ్మ చేతిలోనూ పెట్టి లేచాడు.

"పులుపు తెలిసింది. ఇగ ఇది మన ఊరి పిల్ల" అన్నాడు. "వచ్చేయేడు కెల్లి దీనికి గూడ పండుగ దాక ఆగుడే."